"మధ్యలో ఏం చేశాడమ్మా?" – వలస మీద ఎగ్జిబిషన్ చూసి నాన్న అడిగిన ప్రశ్న

నూలుపోగు (1)

అందరికీ నమస్కారం. ఇక్కడ రోజూ చదువుతాను కానీ రాయడం తక్కువ. ఈసారి రాయకుండా ఉండలేకపోయాను.

పోయిన ఆదివారం మా నాన్నను ఒక సమకాలీన కళల గ్యాలరీకి తీసుకెళ్లాను. వలస, అస్తిత్వం అనే విషయం మీద ఎగ్జిబిషన్. నాన్నకు గ్యాలరీలు అలవాటు లేదు. 22 ఏళ్లు పరాయి దేశంలో ఓడలు కట్టే చోట వెల్డింగ్ పని చేసి వచ్చిన మనిషి. ఇది తన గురించే కదా, చూస్తే సంతోషిస్తాడని నా ఆశ.

మొదటి గదిలో గుట్టగా పోసిన పాత సూట్‌కేసులు. రెండో గదిలో గోడంత సముద్రం ఫొటో. గాజు పెట్టెలో గడువు తీరిన పాస్‌పోర్టులు, అన్నీ ఫొటో ఉన్న పేజీ దగ్గర తెరిచి పెట్టారు. చివర్లో చీకటి గది. అక్కడ వీడియోలో ముగ్గురు ముసలమ్మలు వాళ్ల భాషలో మాట్లాడుకుంటూ ఉంటారు, కింద అనువాదం ఉండదు. నాకు ఆ గది వదిలి రావాలనిపించలేదు.

నాన్న అన్నీ ఓపిగ్గా చూశాడు. సూట్‌కేసుల దగ్గర మాత్రం ఆగి, వంగి, ఒక పెట్టె పిడికి కట్టిన ఎర్ర గుడ్డ పీలిక చూపించాడు. "ఇది గుర్తు కోసం కట్టుకుంటాం. అన్ని పెట్టెలూ ఒకేలా ఉంటాయి. బెల్టు మీద తిరుగుతుంటే మనది ఏదో తెలియాలి కదా" అన్నాడు. పక్కనున్న లేబుల్ చదివాను. జ్ఞాపకం, స్థానభ్రంశం అని చాలా రాశారు. ఆ పీలిక గురించి ఒక్క మాట లేదు.

బయటికొచ్చాక ఎలా ఉంది నాన్నా అని అడిగాను. కాసేపు ఆలోచించి ఇలా అన్నాడు: "బాగానే పెట్టారు. పోవడం చూపించారు. పోయినవాళ్ల బాధ చూపించారు. మధ్యలో మనిషి ఏం చేశాడమ్మా? అన్నేళ్లు అక్కడ ఊరికే కూర్చున్నాడా?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ మధ్య సంవత్సరాల గురించి, పని గురించి మాట్లాడే కళ ఉందా? ఉంటే చెప్పండి, నాన్నకు చూపిస్తాను. లేకపోతే ఎందుకు లేదో అదైనా చెప్పండి.

ఒంటిచెట్టు (2)

నాన్నగారు ఒక్క ప్రశ్నతో మొత్తం ఎగ్జిబిషన్‌ను తూచేశారు. నాకూ ఎప్పటినుంచో ఇదే బాధ. వలస అనగానే పడవ, ముళ్లకంచె, సూట్‌కేస్. ఈ మూడూ లేకుండా ఎగ్జిబిషన్ తెరవరు. ప్రపంచంలో పుట్టిన దేశం వదిలి వేరే దేశంలో బతుకుతున్నవాళ్లు 2024 నాటికి ఐక్యరాజ్యసమితి లెక్కలో 30 కోట్ల 40 లక్షల మంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022కు వేసిన లెక్కలో పనిలో ఉన్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు కలిపి 16 కోట్ల 77 లక్షల వలస జనం. అంటే సగానికి పైగా. వాళ్ల రోజు ఎలా గడుస్తుందో గోడ మీద ఎందుకు కనిపించదు?

వానకోయిల (3)

నూలుపోగు గారూ, ఉంది. చాలా గొప్పగా ఉంది, అదీ 80 ఏళ్లకు ముందే.

జేకబ్ లారెన్స్ అనే నల్లజాతి చిత్రకారుడు 1940–41లో 60 బొమ్మలు వేశాడు. అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి నల్లజాతి కుటుంబాలు ఉత్తరాది నగరాలకు తరలిపోయిన కథ. ఆ సిరీస్ జనంలోకి వచ్చేసరికి ఆయనకు 23, 24 ఏళ్లు. తల్లిదండ్రులు అలా వలస వచ్చినవాళ్లే. హార్డ్‌బోర్డ్ పలకల మీద తెల్లటి పూత పూసి, 60 పలకలూ ఒకేసారి పరుచుకుని, ఒక్కో రంగు తీసుకుని అది కావాల్సిన చోటల్లా అన్నింటిలో వేసుకుంటూ పోయాడు. ఒక బొమ్మ పూర్తయ్యాక ఇంకోటి కాదు. అందుకే మొదటి బొమ్మలోని పసుపే చివరి బొమ్మలోనూ ఉంటుంది. పలకలకు పూత పూయడంలో, ప్రతి బొమ్మ కిందా రాసిన వాక్యాల్లో గ్వెండలిన్ నైట్ సాయం ఉంది. తర్వాత వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు.

మొదటి బొమ్మలో రైల్వే స్టేషన్ కిక్కిరిసి ఉంటుంది. షికాగో, న్యూయార్క్, సెయింట్ లూయిస్ అని మూడు దారులు, వాటివైపు తోసుకుపోతున్న జనం. ఇక్కడివరకూ అందరూ వేసేదే. నాన్నగారికి చూపించాల్సింది 57వ బొమ్మ. తెల్లబట్టల్లో ఒక స్త్రీ, చేతిలో పొడవాటి కర్ర, ముందు రంగురంగుల బట్టల కుప్ప. చాకిరేవు పని. ఆ కర్రను రెండు చేతులా పట్టి నిలువుగా దించి బట్టల్ని కలుపుతోంది. ముఖంలో వివరాలేమీ పెద్దగా లేవు. చూపంతా కిందికే. బొమ్మలో సగం ఆమె తెల్లబట్టలే. ఆ భుజాల బరువు చూస్తే ఆ కర్ర ఎంతసేపటినుంచి తిరుగుతోందో తెలిసిపోతుంది. ఆడ కూలీలు అందరికంటే చివర ఉత్తరాదికి వచ్చారని కింద రాశాడు.

ఆ 60లో పని ఉంది, ఇరుకు గదులున్నాయి, అల్లర్లున్నాయి, బడిలో పిల్లలున్నారు, ఓటు వేయడానికి వరసలో నిలబడ్డవాళ్లున్నారు. అంటే నాన్నగారు అడిగిన 'మధ్య' అంతా ఉంది. ఇప్పుడు సరి సంఖ్య బొమ్మలు న్యూయార్క్‌లోని మోమా (ఆధునిక కళల మ్యూజియం)లో, బేసి సంఖ్యవి వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ కలెక్షన్ మ్యూజియంలో ఉన్నాయి. కుటుంబం రెండు ఊళ్లలో ఉన్నట్టు అనిపిస్తుంది నాకు, ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా.

తెల్లగోడ (4)

నేను గ్యాలరీల్లో బొమ్మలు వేలాడదీసే పనిలో ఉన్నాను. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145, 150 సెంటీమీటర్ల ఎత్తులో రావాలని టేపు పట్టి కొలిచేది, కాగితం మీద వేసినవాటికి వెలుతురు 50 లక్స్ దాటకుండా బల్బులు సర్దేది మేమే. అందుకే సూట్‌కేసుల సంగతి కొంచెం లోపలి వైపు నుంచి చెప్తాను.

చూడ్డానికి వచ్చినవాళ్లు ఒక బొమ్మ ముందు ఎంతసేపు నిలబడతారో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో లెక్కపెట్టి 2001లో అచ్చువేశారు. సగటున 27 సెకన్లు. సగం సందర్భాల్లో 17 సెకన్లు కూడా లేదు. ఎగ్జిబిషన్‌లో ఏం పెట్టాలో నిర్ణయించే క్యూరేటర్లకు ఇది తెలుసు. 27 సెకన్లలో అర్థమయ్యేది ఏదంటే సూట్‌కేసే. పడవే. ఒక మనిషి 22 ఏళ్లు రోజూ అదే పని చేశాడని 27 సెకన్లలో చెప్పడం చాలా కష్టం. కాలం పట్టే విషయాన్ని కాలం ఇవ్వని చోట పెట్టాలి. అసలు చిక్కు అదే.

ఎర్ర పీలిక విషయం చదివి మాత్రం నాకు నిద్రపట్టలేదు. అలాంటి పెట్టెలు నేనూ పేర్చాను. ఏ పెట్టె పైన ఉంటే గుట్ట జారదు, ఎక్కడ లోపల తీగ కట్టాలి, దీని మీదే ధ్యాస. పిడికి కట్టిన గుడ్డ కనబడితే తీసేయాలా ఉంచాలా అని ఒకసారి అడిగాను కూడా. ఉంచమన్నారు, "టెక్స్‌చర్ బాగుంది" అని. అది గుర్తు అని అప్పుడు నాకు తెలియదు, ఆ చెప్పినవాళ్లకూ తెలియదు.

రాత్రిడ్యూటీ (5)

నేను రెండేళ్లు గ్యాలరీ గదుల్లో కాపలా పని చేశాను. నిలబడే పని. ఎనిమిది గంటల డ్యూటీలో కూర్చోవడానికి రెండుసార్లు. నల్ల చొక్కా, మెడలో కార్డు. నాతో పనిచేసిన ఆరుగురిలో ఐదుగురం వేరే చోట నుంచి వచ్చినవాళ్లమే. అప్పుడు గోడల మీద ఉన్నదీ వలస ఎగ్జిబిషనే.

వచ్చినవాళ్లు ఫొటోలోని మనిషి ముఖం ముందు నిలబడి కళ్లు తుడుచుకునేవాళ్లు. తర్వాత నా వైపు తిరిగి బాత్రూమ్ ఎటు అని అడిగేవాళ్లు. వాళ్లను తప్పుపట్టడానికి చెప్పట్లేదు. చాలామంది మర్యాదగానే అడిగారు. గోడ మీదున్న మనిషీ, గోడ పక్కనున్న మనిషీ ఒకటేనని చెప్పే ఏర్పాటు ఆ గదిలో లేదు. ఉండి ఉంటే బాగుండేది.

నూలుపోగు గారూ, ఒకటి అడగాలనుంది. నాన్నగారు అక్కడ ఎవరితోనైనా మాట్లాడారా?

నూలుపోగు (6)

రాత్రిడ్యూటీ గారూ, మీరు అడిగాక గుర్తొచ్చింది. మాట్లాడాడు! నేను చీకటి గదిలో వీడియో చూస్తున్నంతసేపూ నాన్న బయట కాపలా ఉన్న అబ్బాయితో మాట్లాడుతూ నిలబడ్డాడు. ఇంటికొచ్చాక అడిగితే చెప్పాడు, బూట్ల గురించట. గట్టి నేల మీద రోజంతా నిలబడితే మడమలు పోతాయి, లోపల మెత్తటి అట్ట వేసుకో, ఇప్పుడు తెలియదు, నలభై దాటాక తెలుస్తుంది అని చెప్పాడట. ఆ అబ్బాయి ఇంటి నుంచి వచ్చి మూడేళ్లయిందట. ఇంకా ఒక్కసారి కూడా వెళ్లలేదట.

ఎగ్జిబిషన్ మొత్తంలో నాన్న ఎక్కువసేపు గడిపింది అక్కడే. నేను అది చూడనే లేదు.

అక్షరపిచ్చి (7)

నాకు లారెన్స్ ప్రాణం. కానీ 'మధ్య' అంటే పని ఒక్కటే కాదు కదండీ. ఆ 22 ఏళ్లలో ఇంటి నుంచి వచ్చిన మాటలు కూడా మధ్యే.

జరీనా అనే కళాకారిణి వుడ్‌కట్‌ల గురించి చెప్పాలి, అంటే చెక్క మీద చెక్కి కాగితం మీద తీసిన అచ్చులు. 1937లో అలీగఢ్‌లో పుట్టారు. దేశవిభజన తర్వాత కుటుంబం మెల్లగా చెదిరి చివరకు 1959లో కరాచీ చేరింది. ఆమె పెళ్లయ్యాక దేశదేశాలు తిరిగి, న్యూయార్క్‌లో స్థిరపడి, 2020లో లండన్‌లో పోయారు. 1999లో 36 వుడ్‌కట్‌ల వరస ఒకటి చేశారు. ఒక్కో చెక్క అచ్చు కింద ఒక్కో ఉర్దూ మాట: ఇల్లు, గడప, తలుపు, అలా. గడప అనే మాటకు ఆమె చెక్కింది కొన్ని గీతలే. అయినా చూడగానే కాలు ఎత్తాలనిపిస్తుంది. ఇల్లు పోయినవాళ్లకు ఇంటి ప్లాన్ ఎంత బాగా గుర్తుంటుందో ఆ ప్రింట్లు చూస్తే తెలుస్తుంది.

2004లో ఇంకో వరస. ఆమె అక్క రాణి పాకిస్తాన్ నుంచి చెల్లెలికి ఉత్తరాలు రాసి పోస్టు చేయకుండా దాచుకుంది. అమ్మానాన్నలు పోవడం, ఇల్లు అమ్మేయడం, పిల్లలు ఎవరిదారిన వాళ్లు వెళ్లిపోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. అవి చాలా ఏళ్లకు చెల్లెలి చేతికొచ్చాయి. జరీనా ఆ చేతిరాతను అలాగే అచ్చు చేసి, దాని మీద ఇళ్ల ప్లాన్లు, పటాలు నల్లగా ముద్రించారు. అక్షరాలు ఆ నలుపు వెనక నుంచి తొంగిచూస్తాయి. చదవడానికి పూర్తిగా అందవు. మనకోసం రాసినవి కావు కాబట్టి అందకపోవడమే న్యాయం అనిపించింది నాకు.

మోనా హటూమ్ 1988లో చేసిన 15 నిమిషాల వీడియో కూడా దీని పక్కనే పెట్టుకోవచ్చు. పాలస్తీనా కుటుంబం, పుట్టింది బేరూత్‌లో. 1975లో లండన్ చూడ్డానికి వెళ్లినప్పుడు లెబనాన్‌లో అంతర్యుద్ధం మొదలై తిరిగి వెళ్లలేకపోయింది. తెర మీద తల్లి అరబిక్‌లో రాసిన ఉత్తరాల వరసలు, ముళ్లతీగలా. వాటి వెనక స్నానం చేస్తున్న తల్లి ఫొటోలు. కూతురు ఆ ఉత్తరాలను ఇంగ్లీషులో చదువుతూ ఉంటుంది, నెమ్మదిగా, బరువుగా. అడుగున ఇద్దరూ అరబిక్‌లో కబుర్లు చెప్పుకుంటూ పగలబడి నవ్వుతున్న చప్పుడు. దూరం అంటే అదే. నవ్వు పాత టేపులో, దిగులు ఈరోజు గొంతులో.

ఒంటిచెట్టు (8)

ఉత్తరాల సంగతి ఒప్పుకుంటాను. అయితే నా కోపం వేరే దాని మీద.

2019 వెనిస్ బినాలేలో, అంటే రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శనలో, స్విస్ కళాకారుడు క్రిస్టఫ్ బుషెల్ ఒక నిజమైన పడవను తెచ్చి పెట్టాడు. 2015 ఏప్రిల్ 18న లిబియాకూ ఇటలీకీ మధ్య మునిగిన పడవ. వందల మంది లోపలే పోయారు, బతికింది 28 మంది. ఇటలీ నౌకాదళం 2016లో దాన్ని సముద్రం అడుగు నుంచి తీసింది. ఆ పడవను ఎగ్జిబిషన్ జరిగే పాత ఓడల కార్ఖానా గట్టు మీద, కాఫీ తాగే చోటికి దగ్గరలో నిలబెట్టారు. పక్కన లేబుల్ కూడా లేదు. జనం దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. అది ఏమిటో చాలామందికి తెలియదు.

చనిపోయినవాళ్ల చోటును ఇంకొకరి కళ కింద లెక్కవేయడం నాకు మింగుడుపడదు. ఆ ఇనుములో ఎవరి పేరూ లేదు.

ఉప్పుగాలి (9)

ఒంటిచెట్టు గారితో ఆ పడవ విషయంలో వాదించను. కానీ పడవలూ సముద్రమూ ఎగ్జిబిషన్లలో ఎక్కువైపోయాయి అన్న మాట దగ్గర ఆగమంటాను. దారిలో పోయినవాళ్లకు ఆ 'మధ్య' దొరకనే లేదు. వాళ్ల కథ సముద్రం దగ్గరే ఆగింది. దాన్ని చూపించకపోతే వాళ్లు ఎక్కడ ఉంటారు?

2016 కొచ్చి బినాలేలో చిలీ కవి రావుల్ జురీటా ఒక పాత గోదాము నేలంతా సముద్రపు నీటితో నింపాడు. పేరు 'బాధా సముద్రం'. నేను వెళ్లి చూశాను. చెప్పులు బయట విడిచి, బట్టలు మోకాళ్లపైకి మడిచి నీళ్లలో దిగాలి. గోడల మీద పెద్ద అక్షరాలతో ప్రశ్నలు: నన్ను వింటున్నావా, నన్ను చూస్తున్నావా అన్నట్టుగా. నీళ్లు తోసుకుంటూ చివరి గోడ దాకా నడిస్తే అక్కడ గాలిప్ కుర్దీ గురించి రాసి ఉంటుంది. 2015లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన చిన్నవాడు అలాన్ ఫొటో ప్రపంచమంతా చూసింది. వాడి అన్న గాలిప్ కూడా ఆ రోజే మునిగిపోయాడు, వాడి ఫొటో ఎవరూ తీయలేదు. నేను అతని తండ్రిని కాను, కానీ గాలిప్ నా కొడుకు అన్న అర్థం వచ్చే మాటతో ఆ కవిత ఆగుతుంది.

ఒక్క బొమ్మ లేదు అక్కడ. నీళ్లు, అక్షరాలు, అంతే. వెనక్కి కూడా మళ్లీ ఆ నీళ్లలోంచే నడవాలి. ఎవరూ మాట్లాడుకోలేదు. కాళ్లు నీళ్లను తోసే చప్పుడు తప్ప ఏదీ లేదు. నా ముందు ఒక పెద్దాయన సగం దూరంలో ఆగిపోయి, కాసేపు అలాగే నిలబడి, వెనక్కి తిరిగాడు. పడవ ఫొటో ముందు నేను ఎప్పుడూ ఎవరినీ అలా చూడలేదు.

ఒంటిచెట్టు (10)

మీరు రాసింది రెండుసార్లు చదివాను. పడవలు ఎక్కువయ్యాయన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పేరు లేకుండా పెట్టడమే నా బాధ. జురీటా పేరు పెట్టాడు, అదీ అందరూ మరిచిన పిల్లాడి పేరు.

తెల్లగోడ (11)

పేరు అన్నారు కాబట్టి. లేబుళ్ల మీద ఎప్పుడూ ఉండే ఒక లైను ఉంది. కళాకారుడి పేరు కింద: ఫలానా చోట పుట్టారు, ఫలానా చోట నివసిస్తూ పనిచేస్తున్నారు. ఇది ప్రపంచమంతా ఒకే తీరు. వందల లేబుళ్లు అంటించాను, చేతికి అలవాటైపోయిన లైను. నాన్నగారి ప్రశ్న చదివాక నిన్న ఒక ఫొటో పక్కన మళ్లీ ఒకటి అంటిస్తుంటే చెయ్యి ఆగింది. "నివసిస్తూ పనిచేస్తున్నారు." ఆ ఫొటోలో ఉన్నది ఇటుకలు మోసే నలుగురు. వాళ్లకు ఆ లైను లేదు. ఎక్కడ పుట్టారు, ఎక్కడ పనిచేస్తున్నారు, ఎన్నేళ్లు, ఏమీ లేదు. పని చేస్తున్నట్టు ఫొటోలో కళ్లముందు కనబడేది వాళ్లే.

ఈ లోటు తీర్చినవాళ్లూ ఉన్నారు. బుష్రా ఖలీలీ అనే కళాకారిణి 2008–2011 మధ్య ఎనిమిది వీడియోలు చేసింది. ఒక్కో తెర మీద ఒక మ్యాపు, ఒక చెయ్యి, ఒక మార్కర్ పెన్ను. ముఖం కనిపించదు. ఆ మనిషి తన గొంతుతోనే చెప్తాడు: ఇక్కడ బయల్దేరాను, ఇక్కడ పట్టుకున్నారు, ఇక్కడ ఇన్ని నెలలు ఆగాను. చెప్తూ గీత గీస్తూ పోతాడు. మ్యాపులో దేశాల సరిహద్దులు ముందే అచ్చయి ఉంటాయి, ఈ గీత వాటిని లెక్కచేయకుండా పోతుంది, వంకరటింకరగా, వెనక్కి కూడా. దూరంగా చూస్తే గీతే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిలబడితే గీత ఆగిన ప్రతి చోటా ఒక కాలం ఉంటుంది. ఇలాంటివి పెట్టేటప్పుడు ముందు స్టూలు వేయించమని నేను గొడవపడతాను. కూర్చునే చోటు లేకపోతే 27 సెకన్లే.

పల్లవి_నోట్స్ (12)

యింకా షోనిబరే 2014లో చేసిన పుస్తకాల అరలు కూడా గుర్తు చేసుకోండి. 6,328 పుస్తకాలు, ఒక్కోటి రంగురంగుల గుడ్డలో చుట్టి ఉంటుంది. చాలావాటి వీపు మీద బ్రిటన్‌కు వలస వచ్చినవాళ్ల పేర్లు, లేదా వాళ్ల పిల్లల పేర్లు బంగారు అక్షరాల్లో. వలసను వ్యతిరేకించినవాళ్ల పేర్లూ ఉన్నాయి. మిగతావి ఖాళీ. నాకు పేర్ల కంటే ఆ గుడ్డ ముఖ్యం. ఆఫ్రికా గుడ్డ అని అందరూ అనుకునేది ఇండోనేషియా బాతిక్‌ను (మైనంతో వేసే అద్దకపు గుడ్డను) చూసి డచ్చివాళ్లు మిల్లుల్లో అచ్చువేసి పశ్చిమ ఆఫ్రికాలో అమ్మినది. అస్తిత్వం అంటే మాకు పుట్టుకతో వచ్చిన రంగు అనుకుంటాం. ఆ రంగు కూడా ఓడెక్కి వచ్చిందే.

అక్షరపిచ్చి (13)

పల్లవి గారి మాటకు తోడు ఒకటే. ఎమిలీ జాసిర్ 2001–03లో పాలస్తీనా వాళ్లను అడిగింది: మీరు వెళ్లలేని చోట మీ బదులు నేనేం చేయను? ఆమె దగ్గర అమెరికా పాస్‌పోర్టు ఉంది, వాళ్ల దగ్గర లేదు. మా అమ్మ సమాధి మీద ఆమె పుట్టినరోజున పూలు పెట్టు అన్నారు ఒకరు. హైఫాలో వీధిలో కనబడ్డ మొదటి పాలస్తీనా కుర్రాడితో ఫుట్‌బాల్ ఆడు అన్నారు ఇంకొకరు. జెరూసలేం పోస్టాఫీసులో నా ఫోన్ బిల్లు కట్టు అన్నవాళ్లూ ఉన్నారు. ఆ ఫోన్ బిల్లు దగ్గర నేను కూలబడ్డాను. కన్నీళ్లు తెప్పించాలని ఎవరూ ఆ కోరిక కోరరు.

నూలుపోగు (14)

మీరందరూ చెప్పినవి ఒక్కోటి నాన్నకు ఫోన్‌లో చూపిస్తున్నాను. 57వ బొమ్మ చూసి, "కర్ర సరిగ్గా పట్టుకుంది, నడుం నుంచి వస్తోంది బలం" అన్నాడు. జరీనా అక్క ఉత్తరాలు పోస్టు చేయలేదని చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "నేను అన్నీ పోస్టు చేశాను. కానీ అందులో నిజం రాయలేదు. బాగున్నాను అని రాసేవాణ్ణి." ఒక్కసారి చెయ్యి కాలి పదిరోజులు పని మానేసినప్పుడు కూడా బాగున్నాననే రాశాడట. ఆ ఉత్తరం మా అమ్మ పెట్టెలో ఉంది. నిన్న తీసి చూశాను. రాత వేరేగా ఉంది. ఎడమ చేత్తో రాశాడు. అమ్మకు అప్పుడే అర్థమైందట, అడగలేదట.

వానకోయిల (15)

నూలుపోగు గారూ, ఇది చదివాక నాన్నగారికి ఇంకొకరిని పరిచయం చేయాల్సిందే అనిపించింది. ముందే చెప్పాల్సింది.

తేచింగ్ షే. 1950లో తైవాన్‌లో పుట్టాడు. ఓడలో పనివాడిగా వచ్చి 1974లో అమెరికాలో ఓడ దిగి పారిపోయాడు. కాగితాలు లేవు. న్యూయార్క్‌లో హోటళ్లలో గిన్నెలు కడగడం, నేల తుడవడం. 1988లో క్షమాభిక్ష వచ్చేదాకా, అంటే 14 ఏళ్లు, చట్టం దృష్టిలో అతను లేనట్టే.

1980 ఏప్రిల్‌లో తన గదిలో ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండే, పనివాళ్లు వచ్చిన వేళను కార్డు మీద గుద్దే టైమ్ క్లాక్ పెట్టుకున్నాడు. గంటకోసారి కార్డు పంచ్ చేయాలి. పగలూ రాత్రీ, ఏడాదంతా. పంచ్ చేసిన ప్రతిసారీ కెమెరాతో ఒక్క ఫ్రేము. కూలివాడి యూనిఫాం వేసుకుని, మొదటి రోజు గుండు గీయించుకుని మొదలుపెట్టాడు. ఏడాది ఆరు నిమిషాల సినిమా అయింది. గడియారం ముల్లు గిర్రున తిరుగుతుంటుంది, మనిషి కదలకుండా అక్కడే నిలబడి ఉంటాడు, ఒక్కో రోజూ ఒక్కో సెకను. జుట్టు మాత్రం పెరుగుతూ పెరుగుతూ భుజాల మీదికొస్తుంది. రోజుకొక కార్డు చొప్పున గోడంతా కార్డులే, వాటి మీద సాక్షి సంతకం. మొత్తం 8,760 పంచ్‌లకు 133 తప్పాయి. ఏవి ఎందుకు తప్పాయో పట్టిక కూడా పెట్టాడు: నిద్రపోయి 94, ఆలస్యమై 29, తొందరపడి 10.

ఆ పనిలో తయారైంది ఏమీ లేదు. పంచ్ చేయడమే పని. చాలామంది విమర్శకులు దీన్ని కాలం గురించిన తాత్విక రచన అంటారు. తను వలస మీద చేయలేదనే షే కూడా అంటాడు. నాకు మాత్రం కాగితాలు లేని మనిషి తను ప్రతి గంటా ఇక్కడే ఉన్నానని రుజువు రాసుకున్నట్టు కనబడుతుంది. ఇందులో నాతో ఎవరైనా విభేదిస్తే సంతోషంగా వింటాను.

రాత్రిడ్యూటీ (16)

విభేదించను. రుజువు అన్నారు చూడండి, ఆ మాట కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు తెలుస్తుంది. ఫలానా నెలలో ఎక్కడున్నావు, అద్దె రసీదు ఏది, జీతం స్లిప్పు ఏది. ఒక్క నెల ఖాళీ ఉంటే టెన్షన్. ఇతని దగ్గర ఏడాదిలో ప్రతి గంటకూ ఉంది.

నూలుపోగు (17)

ఈరోజు సాయంత్రం చూపించాను. కార్డుల ఫొటోలు పెద్దవి చేసి, ఆ ఆరు నిమిషాలూ ఎలా సాగుతాయో వానకోయిల గారు రాసింది చదివి వినిపించాను. నాన్న కళ్లద్దాలు తెచ్చుకుని మంచం మీద కూర్చున్నాడు. ముందు సంతకాలు చూశాడు. "సంతకం ఉందా, అయితే లెక్కలోకి వస్తుంది" అన్నాడు. అక్కడ ఆయన పనిచేసిన చోట సూపర్‌వైజర్ సంతకం లేని రోజు పని చేసినా చేయనట్టేనట.

తర్వాత ఆ పట్టిక చదివి వినిపించమన్నాడు. నిద్రపోయి 94 అనగానే చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు.

"ఏడాది మొత్తానికా?"

అవును నాన్నా.

"గంటకోసారి లేస్తూ? 94 సార్లేనా?"

మళ్లీ అవునన్నాను. ఆయన ఫోన్ తన చేతిలోకి తీసుకుని, గుండుతో ఉన్న మొదటి ఫొటో, భుజాల దాకా జుట్టున్న చివరి ఫొటో, రెండూ మార్చి మార్చి చూశాడు. మొదటి ఏడాది నైట్ షిఫ్టు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నాకు ముప్పై నాలుగేళ్లు, ఇదంతా నేను ఎప్పుడూ వినలేదు. అమ్మ కూడా పొయ్యి కట్టేసి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇప్పుడు రాత్రి పదకొండు దాటింది, ఇంకా రెండో ఏడాదిలోనే ఉన్నాం. మిగతాది రేపు రాస్తాను.